విప్పిన పులిచారలు

మొన్న మా మనవడి బడిలో వేషాల పోటీ పెట్టారు. వాడికి చిలుక వేషం ఇచ్చారట. మా అమ్మాయి కూర్చున్న చోటు నుంచి లేవకుండా ఫోన్‌లో ఏదో నొక్కి, ఒక బొమ్మ నా ముఖం ముందు పెట్టి, "ఇది బాగుంది కదా అమ్మీ" అంది. మర్నాడు పొద్దునకల్లా ఆ అద్దె చిలుక ప్లాస్టిక్ సంచిలో ఇంటికి వచ్చేసింది. జిప్పు ఊడిపోయి ఉంది. చంకల్లో ఎవరి పిల్లల చెమటో ఎండి అట్టకట్టింది. ముక్కును ఎవరో కొరికారు. ఇంట్లో మూలన నా మిషను ఉంది, పచ్చ గుడ్డ ఏ అంగట్లోనైనా దొరుకుతుంది, నాకింకా చేతులు ఆడుతున్నాయి, ఒక్క మాట నాతో అనకూడదా అని అడిగాను. "రెండు గంటల ముచ్చటకి నీకెందుకమ్మీ అంత అవస్థ, సాయంత్రం తిరిగిచ్చేసేదే కదా" అంది. నాకెంత కోపం వచ్చిందంటే ఆ పూట అన్నం సహించలేదు. పిల్లవాడు మాత్రం ఆ కొరికిన ముక్కు పెట్టుకుని ఇల్లంతా ఎగిరాడు.

ఆ కోపం మా అమ్మాయి మీద కాదని నాకు తెలుసు. ఒక వేషం సంగతి, జరిగి అరవై ఏళ్లు కావస్తున్నా, నా మనసులో సర్దుకోలేదు. దాన్ని చాలామందికి చెప్పాను. స్టాఫ్ రూములో చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను, పిల్లలకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నవ్వు వచ్చేలా చెప్పాను, వాళ్లూ బాగా నవ్వారు. సగం దగ్గర ఆపేస్తే అది నవ్వుల కథే. ఈసారి ఆపకుండా రాయాలని కూర్చున్నాను.

మాది ఉదయగిరి. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. మా అబ్బా, అంటే మా నాన్న, దర్జీ. ఇంటి ముందు గదే ఆయన అంగడి. పొద్దున కళ్లు తెరిచేసరికి మిషను చప్పుడు వినిపించేది, వెంటనే బొగ్గుల వాసన తగిలేది. మా అమ్మ పెరట్లో బొగ్గులు రాజేసి, విసనకర్రతో విసిరి, ఎర్రబడ్డాక ఇస్త్రీపెట్టెలో పోసి ముందు గదికి తెచ్చి ఇచ్చేది. తడి చల్లిన గుడ్డ మీద పెట్టె ఆనగానే లేచే ఆవిరి, మిషను నూనె, కొత్త టెరికాటన్ గుడ్డ, కలిపితే అదే మా ఇంటి వాసన. ఎండాకాలం వస్తే మా ఊరి కొండ పగలంతా కాగి సాయంత్రం ఆ వేడినంతా వీధుల్లోకి వదిలేది. అయినా ఇస్త్రీపెట్టె ఆరేది కాదు. ప్యాంట్ల కాళ్లు కింద వెడల్పుగా విచ్చుకున్న రోజులవి. "కిందుండే గుడ్డతో ఇంకో నిక్కరు వస్తాది గదరా" అని కుర్రాళ్ల మీద సణుగుతూనే, వాళ్లడిగిన కొలతకు అర అంగుళం తగ్గకుండా కుట్టి ఇచ్చేవాడు. మాకు మాత్రం మిగిలిన ముక్కలే. నా గౌనుకు ఒళ్లొక రంగు, చేతులొక రంగు, మెడ దగ్గర ఇంకొక రంగు. బడిలో పిల్లలు నన్ను చూసి ఏ రోజు ఎవరెవరు చొక్కాలు కుట్టించుకున్నారో చెప్పగలిగేవాళ్లు. దర్జీ కూతుర్నయి ఉండి, నాకోసం కొలిచి, నాకోసం కత్తిరించి కుట్టిన బట్ట తొమ్మిదేళ్లొచ్చేదాకా తొడగలేదు.

అబ్బాకు ఒక పాడు అలవాటు ఉండేది. పని చేస్తున్నంతసేపూ పెదాల మధ్య నాలుగైదు గుండుసూదులు పెట్టుకునేవాడు. అందువల్ల మాట్లాడడు. ఏం చెప్పినా "ఊఁ" అనేవాడు. అది సరేనన్న ఊఁ అయినా, తరువాత చూద్దామన్న ఊఁ అయినా, అవతలికి పొమ్మన్న ఊఁ అయినా మనమే తెలుసుకోవాలి. రెండోసారి అడగడమనేది ఆయనకు తెలియదు. ఒకసారి విన్నాడంటే విన్నట్టే. గుడ్డ కూడా అంతే, ఒకసారి కొలిచి కత్తెర వేసేసేవాడు. ఈ అలవాటు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నా వేషం సంగతి చెప్పిన ఆదివారం ఆ సూదులు తీసి పక్కన పెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఎంత బాగుండేది అనుకుంటాను. తొమ్మిదేళ్ల నేను ఇంకొక్క మాట కలిపి చెప్పి ఉన్నా బాగానే ఉండేదని కూడా తెలుసు. కానీ మనిషికి ముందు కోపం వచ్చేది ఎదుటివాళ్ల మీదే కదా.

అప్పటికి నేను ఆత్మకూరులో చదువుతున్నాను. మా అమ్మ చెల్లెలు, మా ఖాలా, అక్కడ ఉండేది. ఆమెకు పిల్లలు లేరు. ఆమె భర్త, మా ఖాలూ, పొద్దునే బస్సెక్కి అనుమసముద్రంపేట దర్గా దగ్గర చాదర్లు, అత్తరు అమ్మే అంగడికి పోతే మళ్లీ దీపాలు పెట్టే వేళకు గానీ రాడు. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను, పెద్దపిల్లను నా దగ్గర పెట్టు అని ఆమె అడిగితే మా అమ్మ పంపింది. ఇంట్లో నా తరువాత ముగ్గురున్నారు, ఒక నోరు తగ్గినా మేలే. ఖాలా మంచిదే గానీ ప్రతిదానికీ కంగారు. అన్నం మాడితే కంగారు, మాడకపోతే ఉడికిందో లేదోనని కంగారు. రెండు వారాలకొకసారి శనివారం నన్ను బస్సెక్కించి, కండక్టరుకు పదిసార్లు చెప్పి, బస్సు కదిలాక కూడా పక్కన నడుస్తూ చెప్పేది. వింజమూరులో దిగి ఇంకో బస్సు మారి ఉదయగిరి చేరేదాన్ని.

ఆ ఏడు మా బడి వార్షికోత్సవానికి తెలుగు సారు సొంతంగా ఒక నాటకం రాశారు. అడవిలో వాన పడక ఒకే ఒక్క మడుగు మిగులుతుంది. జంతువులన్నీ దానికోసం కొట్టుకుంటే సింహం పంచాయతీ చేస్తుంది. నాటకమంతటికీ సింహమే పెద్ద వేషం. నాకున్న గొంతు అప్పుడే ఊరి చివరికి వినబడేది కాబట్టి ఆ వేషం నాకిచ్చారు. ఆడపిల్లకు సింహమేందని బియ్యం అంగడివాళ్ల శ్రీనివాసులు మూతి ముడిచాడు. వాళ్ల అమ్మ అప్పటికే వాడికి నెల్లూరు నుంచి ముఖానికి కట్టుకునే అట్ట సింహం మూతి తెప్పించి పెట్టిందట. సారు ఇద్దరినీ నిలబెట్టి చెప్పారు. "ఎవురి వేషం వాళ్ల ఇంట్లోనే చేయించుకోవాల. ఆ రోజు మధ్యాన్నానికి వేషం సక్రంగా ఉంటే నీదే పాపా. లేకపోతే శీను ఎక్కతాడు." నాకు రాత్రీ పగలూ అదే ధ్యాస. వేషం రావాలి, శీనుగాడు ఎక్కకూడదు, మా అబ్బా వచ్చి చూడాలి. ఆయన అంతకుముందు నా బడి గేటు కూడా చూసి ఎరగడు.

ఆ ఆదివారం ఉదయగిరిలో, మిషను ఆడుతుండగా, అబ్బా భుజం దగ్గర నిలబడి చెప్పాను. మేము ఇంట్లో మాట్లాడే ఉర్దూలోనే చెప్పాను. "ఇస్కూల్ మే మై షేర్ బన్నా కతే అబ్బా." బడిలో నన్ను షేర్ వేషం వేయమంటున్నారు అని. మిషను ఆగింది. ఆయన నావైపు తిరిగాడు. "షేర్?" అన్నాడు, సూదుల మధ్య నుంచే. "హౌ" అన్నాను. ఔనని. అంతే. ఆయన లేచి, టేపు తీయకుండా, జేనతో నా భుజాల వెడల్పు కొలిచి, నడుము నుంచి మడమ దాకా కొలిచి, మళ్లీ మిషను దగ్గర కూర్చున్నాడు.

ఇక్కడే చెప్పాలి. మా ఇళ్ల ఉర్దూలో పులిని షేర్ అంటారు. సింహాన్ని కూడా షేర్ అంటారు. తేడా చెప్పి తీరాలంటే సింహాన్ని బబ్బర్ షేర్ అంటారు. ఉదయగిరిలో ఆ తేడా చెప్పాల్సిన అవసరం ఎవరికొస్తుంది? నాకు బడి పుస్తకంలో సింహం వేరు, పులి వేరు. రెండింటినీ ఇంటికి తెచ్చేసరికి రెండూ షేర్లే అయిపోయేవి. రెండు జంతువులకు ఒకే మాట వాడుతున్నానని నాకు ఎన్నడూ తోచలేదు. అబ్బాకయితే షేర్ అంటే ఒకటే. ఆయన చిన్నప్పుడు విషజ్వరం వచ్చి ఇక బతకడనుకున్నారట. మా దాదా, అంటే తాత, బిడ్డ బతికితే పీర్ల పండక్కి ఏడేళ్లు పులి వేషం కడతానని మొక్కుకున్నాడు. ఒళ్లంతా పసుపు రంగు పూసుకుని, నల్లచారలు దిద్దించుకుని, తోక కట్టుకుని తప్పెట్ల ముందు ఏడేళ్లూ ఆడాడు. తను బతికింది ఆ పులి వల్లనే అని అబ్బా నమ్మకం. కూతురు వచ్చి షేర్ వేషం కావాలంటే ఆయన ఇంకే షేర్ అనుకుంటాడు?

తరువాత జరిగింది అమ్మ చెబితే తెలిసింది. మూడు వారాలు ఆయన అంగట్లో గిరాకీ పక్కకు పెట్టి మరీ ఆ వేషం మీద కూర్చున్నాడట. ముక్కలు కాదు, కొత్త గుడ్డ తాను కొనుక్కొచ్చి కత్తిరించాడు. అమ్మ రంగు పొట్లాలు కలిపి గుండిగలో కాచి మూడుసార్లు ముంచితే గానీ ఆయనకు ఆ పసుపు నచ్చలేదు. చారలకు నల్లగుడ్డ వేస్తే ఒకటి రెండు ఉతుకులకు వెలిసిపోతుందని, గొడుగులు బాగుచేసే ఆయన దగ్గర పాత గొడుగు గుడ్డలు అడిగి తెచ్చుకున్నాడు. ఒక్కొక్క చారను నడుమ వెడల్పుగా, చివర సన్నగా కత్తిరించి, అంచులు లోపలికి మడిచి, చేత్తో కుట్టాడు. మిషను మీద వేస్తే కుట్టు పైకి కనబడుతుందట. పులికి కుట్టు కనబడుతుందా అని అమ్మను ఎదురు అడిగాడట. తోకలో గొడుగు కమ్మీ పెట్టి వంపు తెచ్చాడు. ఈ సంగతి ఆ మూడు వారాల్లో ఒక్కరైనా ఆత్మకూరుకు వచ్చి చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పుడయితే మా అమ్మాయి చిలుక బొమ్మ చూపించినట్టు క్షణంలో బొమ్మ పంపేవాళ్లు, నేను "ఇది కాదు అబ్బా" అనేదాన్ని. అప్పుడు మా వీధి మొత్తానికి ఫోను లేదు. నేను కూడా ఆ మూడు వారాలు ఇంటికి పోలేదు. రిహార్సళ్లు ఉన్నాయని సారు పంపలేదు.

వార్షికోత్సవం రోజు అబ్బా పొద్దుటి బస్సుకే వచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా, తల మీద టోపీ, చంకలో పాత దుప్పట్లో కట్టిన మూట. ఖాలా ఇంటికి కూడా పోకుండా సరాసరి బడికే వచ్చాడు. సారు వరండాలో బల్ల వేసుకుని ఒక్కొక్కరి వేషం చూస్తున్నారు. కుందేళ్లు, కోతులు, నక్క, అందరం చుట్టూ మూగి ఉన్నాం. అబ్బా ఆ బల్ల మీద మూట పెట్టి ముడి విప్పాడు.

పిల్లలంతా ఒక్కసారి నోరెళ్లబెట్టారు. అంత అందమైన పులిని నేను ఇప్పటిదాకా చూడలేదు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఆ తరువాత ముప్పై నాలుగేళ్లు పంతులమ్మగా పనిచేసి ఎన్ని వేషాలు చూశానో లెక్కలేదు. అలాంటి పనితనం నా కంటబడలేదు. చారలు ఒంటి మీద మొలిచినట్టే ఉన్నాయి. నేను మాత్రం జూలు ఎక్కడుందోనని వెతికాను. శ్రీనివాసులు వెనకనుంచి "రే, పులిరా ఇది" అన్నాడు.

సారు చెడ్డవాడు కాదు. గొంతు పెద్దది, తొందరెక్కువ. "ఏం సాయిబూ" అన్నారు, "సింహం అంటే పులిని పట్టుకొచ్చినావే. మా సింహానికి జూలు ఉండాలయ్యా. కుందేలు దువ్వెన తీసుకోని జూలు దువ్వేది ఉండాది నాటకంలో. దీనికేం దువ్వతాది?" చుట్టూ అందరూ నవ్వారు. "రూపాయి బిళ్ల మీద రోజూ చూస్తానే ఉంటావు గదా సింహాన్ని" అని కూడా అన్నారు.

అబ్బా ఆ పులిని చూశాడు, సారును చూశాడు, ఆఖరికి నన్ను చూశాడు. మెల్లగా ఉర్దూలో అడిగాడు. "తూ క్యా బోలీ బేటీ?" నువ్వేమని చెప్పావమ్మా అని. ఆ గొంతులో నింద లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

నేను షేర్ అని చెప్పాను. ఆ మాట నాకు గుర్తుంది, భుజం దగ్గర నిలబడిన చోటు కూడా గుర్తుంది. మా మాటలో రెండింటికీ అదే పేరు సార్ అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. సారు నవ్వి ఊరుకునేవారు. కానీ చెబితే తప్పు సగం నాదవుతుంది, శీనుగాడు ఎక్కుతాడు. అప్పుడే వాడు సింహం మూతి తెచ్చుకోవడానికి ఇంటికి పోనా సార్ అని అడుగుతున్నాడు. నేను అబ్బా వైపు చూడలేదు. సారు వైపు తిరిగి, ఆయన ఉర్దూలో అడిగినదానికి తెలుగులో, అందరికీ వినబడేటట్టు జవాబు చెప్పాను. "నేను సింహమనే చెప్పినాను సార్. మా నాయనే సరింగా వినలేదు." ఇంట్లో ఆయన్ని ఎన్నడూ నాయన అని పిలవలేదు. ఆ మాట కూడా అప్పుడే నోటికొచ్చింది.

అబ్బా తల ఊపాడు. "నాదే పొరపాటు సార్" అన్నాడు తెలుగులో. "మిషను ఆడతా ఉండింది. సూదులు నోట్లో పెట్టుకోని విన్నాను. నాటకం ఎన్నింటికి సార్?" కరెంటు మీద నమ్మకం లేక అయిదు గంటలకే మొదలుపెడుతున్నామని సారు చెప్పారు. "అయితే నాలుగుకల్లా మీకు సింహాన్ని చేసిస్తా. బిడ్డ వేషం మాత్రం తీసెయ్యబాకండి" అన్నాడు. సారు గడియారం చూసుకుని, శీనును కూడా సిద్ధంగా ఉండమని చెప్పి వెళ్లారు.

బడి వెనక వరండాలో కూర్చుని అబ్బా జేబులోంచి బ్లేడు తీశాడు. మూడు వారాలు కుట్టిన చారలను ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. చేతి కుట్టు, దగ్గర దగ్గరగా వేసింది కావడంతో తేలిగ్గా ఊడిరాదు. బ్లేడు కొంచెం జారినా కింది పసుపు గుడ్డ తెగుతుంది. ఆయన కొన కోసి ఇస్తే నేను దారాలు పీకాను. ఎండకు వరండా బండలు కాలుతున్నాయి. ఖాలా కంగారుగా అన్నం క్యారియరు పట్టుకొచ్చింది, విషయం విని ఇంకా కంగారుపడి గోనెసంచి కోసం ఇంటికి పరుగెత్తింది. ఆయన అన్నం ముట్టలేదు. నేను తిన్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ కడుపునిండా తిన్నాను. గోనెసంచిని పట్టీలుగా కోసి, పోగులు దూసి, మెడ చుట్టూ వరసలు వరసలుగా కుట్టి జూలు చేశాడు. సూది గోనెలో దిగక బొటనవేలితో తోస్తే రెండుసార్లు రక్తం వచ్చింది. ఇంతసేపట్లో ఆయన నన్ను ఏమీ అడగలేదు. అడుగుతాడేమోనని నేను దారాల మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాను. అడగకపోయేసరికి, ఆయనకు అంతా గుర్తుందనీ, నన్ను కాపాడటానికే తప్పు నెత్తిన వేసుకున్నాడనీ నాకు నేనే అనుకున్నాను. పెద్దవాళ్లు అలాగే చేస్తారని ఎక్కడో విన్నాను. దాంతో కొంచెం ధైర్యం కూడా వచ్చింది. విప్పిన చారలు పక్కన కుప్పగా పడి ఉంటే గాలికి ఎగరకుండా ఆయన వాటి మీద కత్తెర పెట్టాడు.

నాలుగుకు అయిదు నిమిషాలు ఉందనగా సింహం తయారైంది. దగ్గరికొచ్చి చూస్తే ఒంటి మీద చార ఉన్న ప్రతిచోటా సూది రంధ్రాల వరసలు, ఇస్త్రీకి అంటుకున్న గొడుగు నలుపు మసకమసకగా ఉన్నాయి. దూరానికి ఏమీ కనబడలేదు. సారు చూసి భేష్ అన్నారు. శీనుగాడు తన సింహం మూతి చేత్తో పట్టుకుని ఇంటికి పోయాడు. నేను ఆ రోజు ఎలా గర్జించానో ఆత్మకూరులో పాతవాళ్లకు ఇంకా గుర్తుందంటారు. కుందేలు నా జూలు దువ్వినప్పుడు జనం విరగబడి నవ్వారు. వెనక గోడ దగ్గర, ఆడవాళ్ల బెంచీలు దాటి, అబ్బా తెల్ల చొక్కా కనబడింది. ఆయన కూడా నవ్వుతున్నాడు.

నాటకం అయ్యాక సారు నన్ను ముందుకు పిలిచి మైకు తీసుకున్నారు. మెచ్చుకోవాలనే తీసుకున్నారు పాపం. "ఈ పాప వాళ్ల నాయన ఉదయగిరిలో టైలరు" అన్నారు. "బిడ్డ సింహం అని చెప్పి పంపిస్తే, పెద్దాయన పులిని కుట్టుకోని వచ్చినాడు. ఆయప్ప దృష్టిలో రెండూ ఒకటే." జనమంతా ఒకటే నవ్వు. "అయినా గూడా నాలుగ్గంటల్లో పులిని సింహం చేసినాడు చూడండి, అదీ మొనగాడి పని" అని చప్పట్లు కొట్టించారు. వెనక గోడ దగ్గర అందరూ తిరిగి చూస్తుంటే అబ్బా చేతులు జోడించి తల వంచాడు. సారు మైకు నా నోటి దగ్గర పెట్టి పేరు చెప్పమన్నారు. ఊరంతటికీ వినబడే మైకు అది. నేను నా పేరు చెప్పాను. ఇంటి పేరుతో సహా గట్టిగా చెప్పాను.

ఆఖరి బస్సు కోసం ఆయనతో పాటు స్టాండు దాకా నడిచాను. జూలు ఇంకా మెడలోనే ఉంది, గోనె పోగులు గుచ్చుకుంటున్నాయి. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి ఉర్దూలో, మళ్లీ ఎప్పుడొస్తావు అబ్బా అని అడిగాను. ఆయన మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి, తెలుగులో చెప్పాడు. "వచ్చే నెలలో వస్తానమ్మా. నువ్వు ఇంటికి పో, మీ ఖాలా కంగారు పడతా ఉంటాది." బస్టాండులో పదిమంది ఉన్నారు కదా, అందుకే తెలుగులో అన్నాడనుకున్నాను.

అందుకు కాదు. ఆ తరువాత నేను ఇంటికి పోయినప్పుడు కూడా నాతో తెలుగే మాట్లాడాడు. అమ్మతో ఉర్దూ, తమ్ముళ్లతో ఉర్దూ, అంగడికి వచ్చిన సాయిబులతో ఉర్దూ, నావైపు తిరగగానే తెలుగు. నేను ఉర్దూలో ఏదైనా చెబితే సూదులు నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకుని, "తెలుగులో చెప్పమ్మా" అనేవాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. మొదట్లో నాకు అవమానంగా ఉండేది, తరువాత అలవాటయింది. నా పెళ్లిలో, పంపించేటప్పుడు, చుట్టూ అందరూ ఉర్దూలో దీవిస్తుంటే ఆయనొక్కడే "జాగ్రత్తగా ఉండమ్మా" అన్నాడు. మా అత్తగారివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను తెలుగు ఎమ్మే చేశాను, తెలుగు పంతులమ్మనయ్యాను. సాయిబుల ఇంటి పిల్లవు, ఇంత మంచి తెలుగు ఎట్లా వచ్చింది అని ఎక్కడికి పోయినా అడుగుతారు. ఆ ప్రశ్న అడిగినవాళ్లను చూస్తే నాకు చిరాకు. వాళ్ల తప్పేమీ లేదని తెలిసినా చిరాకే. మా నాయన నేర్పాడని చెప్పి ఊరుకుంటాను.

ఆయనకు చూపు తగ్గి మిషను ఆపేశాక, ఒక మధ్యాహ్నం ఆయన మంచం పక్కన కూర్చుని ధైర్యం చేశాను. అందరితో మన మాట మాట్లాడతావు, నాతోనే ఎందుకు మాట్లాడవు అబ్బా అని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు, ఇది కూడా అడగాలా అన్నట్టు. "మన మాటలో నీతో ఒకసారి పొరపాటు పడినాను గదమ్మా. నువ్వు బబ్బర్ షేర్ అని చక్కంగా చెప్పినావు. నాకు బబ్బర్ అనేది వినబళ్లేదు. ఆ మిషను చప్పుడులో పోయింది. నడి ఊళ్లో నీ నాటకం చెడగొట్టేవాణ్ణి. అప్పుటినించి నీ మాట నేను తెలుగులోనే వింటా, తప్పు పోకుండా ఉంటాదని" అన్నాడు.

ఇన్నేళ్లూ ఆయనకు నా అబద్ధం తెలుసుననీ, తెలిసే నాకోసం తల వంచాడనీ అనుకుంటూ బతికాను. అది ఒక రకంగా నాకు ఊరట. ఆయనకు తెలియదు. తన చెవులను కాదని నా మాట నమ్మాడు. నేను అనని మాటను కూడా నేను అన్నట్టే గుర్తు పెట్టుకున్నాడు. మంచం పట్టె పట్టుకుని, నేను బబ్బర్ అనలేదు అబ్బా, ఒట్టి షేర్ అనే అన్నాను, అందరి ముందూ అబద్ధం చెప్పాను అని ఉర్దూలో గబగబా చెప్పేశాను.

ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని నావైపు ఒరిగాడు. "తెలుగులో చెప్పమ్మా" అన్నాడు.

ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పిన దాన్ని, ఆ ఒక్క ముక్క తెలుగులో చెప్పలేకపోయాను. ఏం లేదు నాయనా, మజ్జిగ తాగుతావా అని అడిగాను.